రాయని పొట్టేలు

నాలుగు వందల పన్నెండు, పదమూడు, పద్నాలుగు. కంప్యూటరు తెర కింద మూలన సెకన్లు పరుగెడుతున్నాయి, రిజిస్టరును నేనడిగిన ప్రశ్న, క్వెరీ, ఇంకా నడుస్తూనే ఉంది, నేను కుర్చీ అంచున కూర్చుని రెప్ప వాల్చకుండా దాన్నే చూస్తున్నాను. మూడు వేల చిల్లర మందలు, ఇరవై రెండు వేల రాకపోకలు, దీని మొహానికి ఇదొక పనా? అర సెకనులో తేలాల్సింది ఏడు నిమిషాలా? తేలకపోతేనే నయమని ఇంకోపక్క అనిపిస్తోంది. ఛీ, ఎంత పాపిష్టిదాన్ని, తేలకపోతే ఎవరికి నయం? పన్నెండింటికి పశువుల డాక్టర్లు బయలుదేరాలి, కింద గడియారం సెంటరు వైపు ముక్కు పెట్టి మూడు జీపులు ఆగి ఉన్నాయి, నా జాబితాలో ఉన్న మందల దగ్గరికే అవి పోతాయి, లేని మందల దిక్కు కన్నెత్తి కూడా చూడవు. ఆ జాబితాలో మా నాయిన పరశురాములు పేరు ఉండకూడదు. బీరప్ప దేవుడా, నీకు దండం పెడతాను, ఉండకూడదు. మా చెల్లె స్వర్ణకు ఏడో నెల. కాన్పుకని పుట్టింటికి వచ్చి నాయిన గొర్రెల దొడ్డిలోనే తిరుగుతోంది, ఈ నిమిషాన కూడా తిరుగుతూనే ఉంటుంది, దాన్ని ఒకచోట కూర్చోబెట్టే మనిషి ఇంకా పుట్టలేదు. గోడ మీద పదకొండూ పది అయింది.

సోమవారం నాడు కోస్గి నుంచి రక్త పరీక్షల కాగితాలు వచ్చాయి. కోస్గి పక్క ఊళ్ళో మల్లన్న అనే ఆయన మందలో తొమ్మిది గొర్రెలు నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి, చచ్చిన పిల్లల్ని వేశాయి. రక్తం తీసి చూస్తే ఆ తల్లుల్లోనూ ఉంది, మందలో ఉన్న పెద్ద పొట్టేలులోనూ ఉంది. బ్రూసెల్లా అట. మా రిజిస్టరుకు సలహాదారుగా ఉండే పశువుల డాక్టరు అమరేందర్ సార్ ఆ మాట చాయ్ ఊదుకుంటూ చెప్పారు, ఊళ్ళో వాన పడ్డదని చెప్పినట్టే చెప్పారు. "గొర్రెకొస్తే పిల్ల పోతది. మనిషికొస్తే జ్వరం పట్టి పీడిస్తది. తొందరగ పట్టుకుంటే మందులున్నయి, ఫికర్ లేదు. కడుపుతోటి ఉన్నోళ్ళు మాత్రం దొడ్డి దిక్కు గూడ పోవద్దు. మాయ ముట్టొద్దు, చచ్చిన పిల్లను ముట్టొద్దు, పచ్చిపాలు తాగొద్దు." అక్కడున్న అందరూ తలలూపారు, నేనూ ఊపాను. నా గ్లాసులో చాయ్ అలాగే చల్లారిపోయింది, నాతో పనిచేసే మంజులత తీసి పారబోసింది.

ఈ క్వెరీ రాసింది నేనే. నల్గొండలో గొర్రెల కాపరుల సంఘాలన్నీ కలిసి కిరాయికి తీసుకున్న ఈ మేడ మీది గదిలో, ఈ జీవాల రిజిస్టరును కంప్యూటర్లో మొదటి పట్టిక నుంచి కట్టింది నేనే, మంజులత తర్వాత వచ్చింది. పై భాగంలో ఒకే ఒక్క పేరు పెట్టాను, మల్లన్న మంద. కింది భాగంలో ఒకటే మాట చెప్పాను, ఇప్పుడు దొరికిన మందల నుంచి జీవాలు ఎవరి మందకు పోయాయో చూసి తీసుకురా. తెచ్చినవాటిని మళ్ళీ దానికే ఇస్తాం, అది మళ్ళీ అడుగుతుంది, వీళ్ళ నుంచి ఎవరికి, వాళ్ళ నుంచి ఎవరికి, కొత్తవాళ్ళెవరూ దొరకనప్పుడు ఆగుతుంది. తనను తానే పిలుచుకునే క్వెరీ. మహబూబ్‌నగర్ కాలేజీలో బెంజమిన్ సార్ దీన్ని బోర్డు నిండా రాసి, ఎక్కడ ఆగాలో చెప్పకుండా దీన్ని పిలవకండమ్మా, తర్వాత ఏడ్చినా వినదు అనేవారు, మేమంతా నవ్వేవాళ్ళం. అమరేందర్ సార్ నిన్న ఇంకో కోరిక కోరారు, ఎవరు ఎంత దగ్గరో కూడా తెలియాలి, దగ్గరివాళ్ళ దగ్గరికి ముందు పోతాం అన్నారు. అందుకని మెట్టు అని ఒక కాలమ్ కలిపాను, మల్లన్నది సున్నా, ఆయన నుంచి తీసుకున్నవాళ్ళు ఒకటి, వాళ్ళ నుంచి తీసుకున్నవాళ్ళు రెండు. తేదీలతో కట్టడి చేద్దామంటే మా తేదీలను మేమే నమ్మం, ఊళ్ళల్లో జీవాలను రాసుకునే క్యాంపుకు పోయిన రోజున ఏడాది సంగతులన్నీ ఒకే తేదీ మీద రాసుకొచ్చాం. ఐదు వందల అరవై. ఆరు వందల్లోకి పోతోంది, ఓరి నీ యబ్బ, ఆగవే, ఆగి చావవే.

చెల్లెవి చిన్న చేతులు. ఇంట్లో అందరివీ నాయిన చేతులు, పారల్లాంటివి, నావి కూడా అంతే, స్వర్ణవి మాత్రం అమ్మమ్మ చేతులు, గాజు ఎంత చిన్నదైనా ఎక్కుతుంది. తొమ్మిదేళ్ళ వయసు నుంచి అడ్డం తిరిగిన పిల్లల్ని లోపల చెయ్యి పెట్టి తిప్పి తీసేది అదే, నాయిన గొర్రె తల పట్టుకునేవాడు, అమ్మ దీపం పట్టుకునేది, అది పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, లోపల వేళ్ళతోనే చూసేది. మొన్న ఆదివారం ఫోన్లో అమ్మ ఏమన్నది? ఏమన్నదో నాకు తెలుసు, రెండు రోజులుగా ఆ మాటను ఎంత దూరం తోసినా మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంటోంది. "రెండు గొర్లు ఈసుకపోయినయి బిడ్డా, ఏం ఆకు మేసినయో ఏమో. స్వర్ణనే లాగి పారేసింది, నాకు నడుము వంగుతలేదు గద." నేను ఏమన్నాను? ఊఁ అన్నాను. స్క్రీను మీద ఏదో చూసుకుంటూ ఊఁ అన్నాను, పనుంది అమ్మా మళ్ళీ చేస్తా అన్నాను. రెండేళ్ళ కింద దానికి ఐదో నెలలో కడుపు పోయినప్పుడు దవాఖానలో పక్కన ఉన్నది నేనే. ఏడవలేదు అది, ఆడపిల్లనా అక్కా అని ఒక్కటే అడిగింది, నేను నర్సును అడిగి వచ్చి అవునని చెప్పాను, అప్పుడు గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ అట్లాంటి రోజు వస్తే అది బతకదు, అది బతికినా నేను బతకలేను.

సరే, చాలు. భయపడుతూ కూర్చుంటే పని కాదు. క్వెరీని ఆపేశాను, వేలు నొక్కడానికి కూడా ధైర్యం కావాల్సి వచ్చింది, పది నిమిషాల నడక వృథా అయింది కదా అని. ఇది చుట్టూ తిరుగుతోంది, అంతే, ఎక్కడో మందలు రెండు ఒకదానితో ఒకటి ఇచ్చిపుచ్చుకున్నాయి. వెతికితే దొరికింది కూడా. ఒకాయన తన బామ్మర్దికి ఐదు గొర్రెలు అమ్మాడు, మరుసటి ఏడు ఆ బామ్మర్ది తన చెల్లెకు, అంటే ఇతని పెళ్ళానికే, ఒక గొర్రె పెట్టాడు. వాడి నుంచి వీడికి, వీడి నుంచి వాడికి. దీనికి మందు నాకు తెలుసు, యూనియన్ ఆల్ అని రాసిన చోట ఆల్ తీసేసి ఉత్త యూనియన్ పెడితే, ఒకసారి వచ్చిన వరుస రెండోసారి వస్తే పక్కన పారేస్తుంది, కొత్తది లేక ఆగిపోతుంది. తీసేశాను. నడిపాను. ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది. ఐదు సెకన్లు. పది. నలభై. ఆగలేదు. చేతుల్లో చెమట, మౌసు జారుతోంది, డిసెంబరు నెలలో ఫ్యాను వెయ్యాలనిపిస్తోంది. పక్క బల్ల మీద నుంచి మంజులత తల ఎత్తి, "ఏంది మేడం, అట్ల చెమటలు పట్టినయి?" అంటోంది, ఏం లేదన్నాను. ఎందుకు ఆగదు? అదే మంద రెండోసారి వస్తే పారేయాలి కదా, ఎందుకు పారేయదు, దీనికి కళ్ళు లేవా?

మెట్టు. అమ్మ నా మెట్టో. నేను కలిపిన కాలమే. మొదటిసారి ఆ బామ్మర్ది మంద మూడో మెట్టులో వచ్చింది, తిరిగి వచ్చేసరికి ఐదో మెట్టు, మళ్ళీ వచ్చేసరికి ఏడో మెట్టు. మంద అదే, మెట్టు వేరు, కాబట్టి దాని దృష్టిలో వరుస వేరు, ఎన్నిసార్లు వచ్చినా కొత్త చుట్టమే. అది గుడ్డిదేం కాదు, ఏది ఒకటో ఏది వేరో నేను చెప్పినట్టే చూస్తోంది. ఎంత దగ్గరో కొలవబోయి అసలు ఎప్పటికీ చేరకుండా చేశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. మెట్టు తీసేశాను, తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాను. పేర్లే చాలు, దూరాలు తర్వాత చేతితో లెక్కపెట్టుకోవచ్చు. ఇక నొక్కడమే మిగిలింది, నొక్కలేక కూర్చున్నాను. ఇంతసేపు నడుస్తూ ఉంటే తిట్టాను గానీ, నడుస్తున్నంతసేపు నాయిన పేరు అందులో లేదు, ఆగితేనే ఉంటుంది. పదకొండూ ముప్పై. నొక్కాను.

రెప్పపాటు కూడా పట్టలేదు. పద్నాలుగు మందలు. కళ్ళు ముందు కిందికి జారాయి, తర్వాత పైకి, తర్వాత మళ్ళీ ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టుకుంటూ చదివాను. కోస్గి చుట్టుపక్కల తొమ్మిది, మహబూబ్‌నగర్ దిక్కు నాలుగు, దేవరకొండ దగ్గర ఒకటి. నకిరేకల్ పక్కన ఒక్కటీ లేదు. మా ఊరు లేదు. మా నాయిన లేడు. కుర్చీలో వెనక్కి వాలాను, నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, బీరప్పకు గొర్రెను మొక్కుకోబోయి, గొర్రె ఎందుకులే ఈ సమయంలో, కొబ్బరికాయ కొడతానని మొక్కాను. స్వర్ణకు ఫోన్ చేసి తిట్టాలి, ఊరికే, ప్రేమగా తిట్టాలి. జాబితా కాగితం మీదికి తీసి కిందికి పంపితే అయిపోతుంది. అట్లా అనుకుంటూనే ఉన్నాను, ప్రింటరు వైపు లేవబోతూనే ఉన్నాను, ఎందుకు లేవలేకపోయాను? ఎందుకంటే మల్లన్న పేరు నేను ఈ సోమవారమే మొదటిసారి విన్నది కాదు. మల్లన్న చేతి ముద్ద నేను తిన్నాను. నాకు తెలుసు, మొదటి నుంచీ తెలుసు, తెలిసే భయపడుతున్నాను.

ఎండాకాలంలో యాసంగి వరి కోయగానే పాలమూరు కాపరులు మందలు తోలుకుని మా దిక్కు వస్తారు. కోసిన మళ్ళలో మంద పెడితే పొలానికి ఎరువు, రైతు వాళ్ళకు వడ్లు ఇస్తాడు, నీళ్ళు ఇస్తాడు. మల్లన్న ఏటా మా నాయిన మందతో కలిపి మంద పెడతాడు, పదిహేను రోజులు ఇద్దరూ ఒకే గొంగడి మీద కూర్చుని తిట్టుకుంటారు, ఆడుకుంటారు. పోయేటప్పుడు తన పొట్టేలును నాయిన దగ్గర వదిలిపోతాడు. తన మందలో పుట్టిన ఆడపిల్లలకు తండ్రే మొగుడు కాకూడదు కదా, అందుకని కాపరులు పొట్టేళ్ళను మంద నుంచి మందకు తిప్పుతారు, మావాళ్ళు దాన్ని అల్లుడు అంటారు. అల్లుడొచ్చిండు అంటారు, అల్లునికి ఉలువలు పెట్టిండ్రా అని అడుగుతారు, నలభై రోజులుంచుకుని బొట్టు పెట్టి పంపుతారు. అమ్మకం లేదు, కొనడం లేదు. జూలైలో మా ఊరి క్యాంపుకు ట్యాబ్ పట్టుకుని నేనే పోయాను, మందలో కొత్త చెవి బిళ్ళతో నల్ల పొట్టేలు కనబడింది, ఇదెవరిది నాయినా అన్నాను. "మల్లన్న అల్లుడే బిడ్డా. గాయిన పోయేటోడు, రాసుడేంది? అల్లుండ్లను గూడ రిజిస్టర్ల ఎక్కిస్తరా మీరు?" అన్నాడు, అక్కడున్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు, నేనూ నవ్వాను. రాయలేదు. స్వర్ణకు అప్పుడు రెండో నెల, మమ్మల్ని చూడను వచ్చి గడపలో కూర్చుని పచ్చి మామిడికాయ తింటోంది.

ఒక్క నాయిన సంగతే అయితే నా మీద నేను ఇంత ఉమ్ముకునేదాన్ని కాదు. మొదటి ఏడాది అల్లుళ్ళను రాశాం, నేనే రాయించాను. పోయిన పొట్టేలు తిరిగి వస్తుంది కదా, ప్రతి అల్లుడూ ఒక చుట్టు. ఏ క్వెరీ పెట్టినా ఆ చుట్లలో పడి గింగిరాలు తిరిగి డిస్కు నిండి సర్వరు పడిపోయేది, సంఘం పెద్దలు నా నెత్తి మీద నిలబడి ఎందుకు పని చెయ్యదమ్మా అని అడిగేవాళ్ళు, నాకు తల తీసేసినట్టయ్యేది. చుట్టును ఎట్లా దాటాలో నేర్చుకోవాల్సింది, ఇవాళ అరగంటలో దాటినట్టు అప్పుడే దాటాల్సింది. నేనేం చేశాను? ఊళ్ళు తిరిగే పిల్లలకు ట్రైనింగు పెట్టి, చెయ్యి ఊపుతూ చెప్పాను, తిరిగి వచ్చే పొట్టేలును రాయకండి, అది పోయినట్టు కాదు అని. పాత వరుసలు కూడా నా చేత్తోనే తుడిచేశాను. క్వెరీలు గుర్రాల్లా పరుగెత్తాయి, నన్ను మెచ్చుకుని శాలువా కప్పారు. రోగం మోసేది ఆ పొట్టేలేనని నాకెవరు చెప్పాలి, గొర్రెలు కాసేవాళ్ళ ఇంట్లో పుట్టినదానికి? పద్నాలుగు అట, పద్నాలుగు. ఎవరికి తెలుసు ఎన్నో.

ఇంకో దారి ఉంది. దాని మొహం కూడా చూడాలి, తప్పించుకోలేను. ఈ కాగితం కిందికి ఇచ్చేస్తాను, జీపులు పద్నాలుగు మందలకు పోతాయి. నేను బస్సెక్కి నకిరేకల్ పోయి చెల్లెను తీసుకొచ్చి ఇక్కడే డాక్టరుకు చూపిస్తాను, దొడ్డి మొహం చూడనివ్వను. ఎవరికీ ఏమీ తెలియదు. నాయిన కులంలో పెద్దమనిషి, ఆయన మంద నుంచి రోగం పాకిందంటే రేపు ఎవరి గడపలో తల ఎత్తుకుని నిలబడతాడు? నా కొలువు ఉంటుందా? నా చెల్లె ఒక్కతి బాగుంటే చాలదా నాకు? చాలు, నిజం చెప్తున్నాను, ఆ ఒక్క నిమిషం నాకు చాలనే అనిపించింది. తర్వాత ఇంకో దొడ్డి కనబడింది, ఎవరిదో తెలియదు, ఇంకెవరో పిల్ల గొర్రె పక్కన కూర్చుని, దానివీ చిన్న చేతులే, ఏడో నెలో ఐదో నెలో. దాని అక్క ఏ ఆఫీసులోనూ లేదు. స్వర్ణకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. అమ్మకు చేస్తే స్విచ్ఛాఫ్, అమ్మ ఫోన్‌కు ఛార్జింగు ఎప్పుడుంది గనుక? నాయినకు చేశాను, రెండో రింగుకే ఎత్తాడు, వెనక లారీల హారన్లు మోగుతున్నాయి, నకిరేకల్ మార్కెట్లో ఉన్నాడు.

"నాయినా, మల్లన్న అల్లుడు మన మందల నుంచి ఎటు పోయిండు?" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు ఆయన, గొర్రెల సంగతి ఎవరు అడిగినా ముందు జవాబు చెప్పి తర్వాత అడుగుతాడు. "మన తాన నలభై దినాలున్నడు. ఆన్నుంచి పర్వతాలు మందకు పోయిండు. పర్వతాలు లింగస్వామికిచ్చిండు, గాడ దసర దాక ఉన్నడు. లింగస్వామి కోస్గి పోయి మల్లన్నకు అప్పజెప్పి వచ్చిండు. అగో, ఇగ మల్లన్న తానకే వచ్చె గద, ఇంకేమున్నది?" అక్కడ ఆగాడు. మొదలైన చోటికి రాగానే తనంతట తనే ఆగాడు. ఏ చుట్టూ ఆయన్ని పట్టుకోలేదు, ఆయన చెబుతుంటే నేను ఒక్కొక్క వరుస కొడుతూ పోయాను, నాలుగు వరుసలు. మా రిజిస్టరులో లేనిదంతా ఆయన నోట్లో ఉంది, నేను అడగలేదు, అంతే. తర్వాత చెప్పాను, మల్లన్న మంద సంగతి, పొట్టేలు సంగతి, ఈసుకుపోయిన మన గొర్రెల సంగతి, డాక్టర్లు పట్టుకుపోయే జాబితా సంగతి.

"గండ్ల నా పేరు ఎక్కుతదా బిడ్డా?"

"ఎక్కుతది నాయినా. తప్పేది గాదు, ఎక్కియ్యాలె."

"నలుగుట్ల ఎట్ల నిలబడాలె నేను?" అన్నాడు, కోపంగా కాదు, నిజంగా అడిగినట్టే అడిగాడు. నేను స్వర్ణ ఎక్కడుందన్నాను. ఎక్కడుంటుంది, దొడ్డిలోనే, పొద్దున రెండు గొర్రెలు నొప్పులు పడుతున్నాయని చూసి వచ్చానన్నాడు, అని, అన్నమాట తనకే వినబడ్డట్టు గప్పున ఆగిపోయాడు. "నేను గీడున్న," అన్నాడు, "ఆటో చూస్కోని పోత బిడ్డా, ఇప్పుడే పోత," అన్నాడు, ఫోన్ పెట్టెయ్యడం కూడా మరిచిపోయి పరుగెత్తాడు, చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేనే పెట్టేశాను. నాలుగు వరుసలు కలిపాను. ఎవరు రాశారు అన్న చోట నాగరాణి అని నా పేరు కొట్టాను. మళ్ళీ నొక్కాను. ముప్పై ఏడు. అదే క్వెరీ, అదే రెప్పపాటు, పద్నాలుగు పోయి ముప్పై ఏడు, ఆ ముగ్గురి మందల నుంచి జీవాలు తీసుకున్నవాళ్ళంతా వచ్చి చేరారు. రెండో పేరు మా నాయినది.

ఎప్పుడొచ్చారో అమరేందర్ సార్ నా వెనకే నిలబడి ఉన్నారు, చేతిలో జీపు తాళం, "అయిందా అమ్మా?" అంటున్నారు. అయింది సార్, కానీ ఇది తప్పు అన్నాను. ఇది పూర్తి జాబితా కాదు సార్, ఇందులో ఒక్క పొట్టేలు దారే ఉంది, మిగతా పొట్టేళ్ళవి లేవు, తిరిగి వచ్చేవాటిని రాయొద్దని చెప్పింది నేనే, చుట్లు పడుతున్నాయని నేనే తీసేశాను అన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను, ఆగితే మళ్ళీ అనలేనని. ఆయన తెర మీద వంగి రెండో పేరు చూశారు. "మీ నాయిన గద?" అవును సార్. "ఎన్ని పొట్టేళ్ళు తిరుగుతయి గిట్ల, రెండు జిల్లాల?" తెలియదు సార్. ఆయన తిట్టి ఉంటే బాగుండేది, తిడితే ఎంత పెద్ద తప్పో ఒక కొలత ఉండేది. మంజులత వైపు తిరిగి, ఫోన్ నెంబర్లన్నీ తీయమని, ఒక్కొక్క కాపరికీ ఫోన్ చేసి మీ అల్లుడు ఎక్కడి నుంచి వచ్చాడు, ఎటు పోయాడు అని అడగమని, జీపులు ఈ ముప్పై ఏడింటికి ఇప్పుడే పోతాయని చెప్పారు. నా వైపు చూసి, "నువ్వు ముందుగాల మీ ఇంటికి చెయ్యి," అన్నారు. మంజులత ముఖంలో రక్తం లేదు, దాని తమ్ముడి పెళ్ళాం కూడా కడుపుతో ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నేను చెయ్యకముందే ఫోన్ మోగింది. స్వర్ణ. ఎత్తాను, చెవికి గట్టిగా అదుముకున్నాను.

"ఏందే అక్కా, మూడు సార్లు చేసినవు? కొంపలంటుకున్నయా? ఫోను గోడ మీద పెట్టిన, చేతులు ఖాళీ లేవు నాకు."

నవ్వుతోంది. ఎంత బాగుంది దాని గొంతు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక, అన్నిటికంటే చిన్న ప్రశ్న అనుకున్నదే అడిగాను, లేదు అని చెప్పించుకుని గుండె దింపుకుందామని అడిగాను. "జర నిజం చెప్పు. జ్వరం గిట్ల వస్తాందా నీకు?"

నవ్వు ఆగింది. "నీకెవలు చెప్పిండ్రు?" అన్నది. "అమ్మకు గూడ చెప్పలే నేను. మీరంత ఊకె భయపడ్తరని చెప్పలే. వారం అయితాంది, మాపటికి వస్తది, తెల్లారేసరికి దిగుతది. ఏం గాదక్కా, లోపల మంచిగనే మెదుల్తాంది."

గదిలో మంజులత ఎవరినో అడుగుతోంది, మీ అల్లుడు ఎక్కడి నుంచి వచ్చాడన్నా అని. కింద మొదటి జీపు కదిలింది. నేను లేచి నిలబడ్డాను. "స్వర్ణా, నాయిన ఆటో తీస్కోని వస్తాండు, దవాఖానకు పోతున్నవు నువ్వు. ఏమడగకు. చేతిల ఉన్నది కింద పెట్టు ముందు."

"ఏంది, పిల్లనా? ఇప్పుడే తీసిన అక్కా, తల్లి లేస్తలేదు, నేనే మూతి తుడుస్తున్న. బతికే ఉన్నది. సలికి వణుకుతాంది, ఎదకు పట్టుకున్న, ఎట్ల పెట్టాలె కింద?"

"పెట్టు," అన్నాను.